బొంత కోసం కుట్టు, ఎంబ్రాయిడరీ మిషన్: కొనేముందు ఏం కొలవాలి, ఏం కుట్టి చూడాలి

మిషన్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనపడేవి రెండు అంకెలు: ఎన్ని రకాల కుట్లు, లోపల ఎన్ని డిజైన్లు. బొంత కుట్టేవాళ్లకు ఆ రెండూ పెద్దగా ఉపయోగపడవు. చిన్న బొంతైనా పెద్ద బొంతైనా దాని మీద పడేది దాదాపు ఒక్క తిన్నని కుట్టే. అది మూడు పొరల మీద ఎక్కడా కుట్టు తప్పిపోకుండా, పొర జరగకుండా, ముందు ఎంత శుభ్రంగా ఉందో వెనకా అంతే శుభ్రంగా పడుతుందా అన్నది మొదట తేలాలి. చుట్టిన బొంత మిషన్ చేయి కింద ఇముడుతుందా అన్నది రెండోది. ఎంబ్రాయిడరీ కూడా కావాలంటే, బట్టను బిగించి పట్టే ఫ్రేములో నిజంగా కుట్టు పడే జాగా ఎంత అన్నది మూడోది. టచ్ స్క్రీన్, వైఫై, అక్షరాల అచ్చులు ఇవన్నీ ఆ మూడూ తేలాక చూసుకోవచ్చు.

బొంతలో మూడు వేర్వేరు పనులున్నాయి. చిన్న ముక్కలు అతికి పై పొర తయారుచేయడం ఒకటి. పై పొర, మధ్యలో బ్యాటింగ్ అనే మెత్తటి నింపుడు పొర, కింద అస్తరు, ఈ మూడింటినీ కలిపి కుట్టడం రెండోది. క్విల్టింగ్ అంటే అసలు ఇదే. ఎంబ్రాయిడరీ మూడోది. అతుకులకు కావాల్సింది కచ్చితత్వం, క్విల్టింగ్‌కు కావాల్సింది జాగా, బలం. ఎంబ్రాయిడరీకి ఫ్రేము, స్థిరత్వం. ఈ మూడింటిలో మీరు ఎక్కువసేపు చేసేదేదో కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. పై పొర మాత్రం ఇంట్లో కుట్టుకుని, క్విల్టింగ్ లాంగార్మ్ (పొడవాటి చేయి ఉన్న పెద్ద) మిషన్ ఉన్నవాళ్ల చేత చేయించుకునేవాళ్లు చాలామంది. వాళ్లకు పెద్ద జాగా మీద డబ్బు పెట్టాల్సిన అవసరం లేదు.

ఒకే మిషనా, రెండు మిషన్లా

కుట్టూ ఎంబ్రాయిడరీ రెండూ చేసే మిషన్‌ను కాంబో అంటారు. ఎడమవైపు ఎంబ్రాయిడరీ యూనిట్ తగిలిస్తే అది ఎంబ్రాయిడరీ మిషన్, తీసేస్తే మామూలు కుట్టు మిషన్. చోటు కలిసొస్తుంది, సూదుల రకమూ, కింది దారం చుట్టే బాబిన్లూ రెండు పనులకూ అవే సరిపోతాయి. చిక్కు వేరే చోట ఉంది. నిమిషానికి 650 కుట్లు వేసే మిషన్ మీద 10,000 కుట్ల డిజైన్ సుమారు 16 నిమిషాలు పడుతుంది. రంగు దారాలు మార్చడం కలిపితే ఇంకా ఎక్కువ. 40,000 కుట్ల బ్లాక్ (బొంత పై పొరలో ఒక చదరపు భాగం) అయితే గంట దాటుతుంది. ఆ గంటసేపూ మీరు ఒక్క అతుకు కూడా వేయలేరు. మిషన్ రిపేరుకు వెళ్తే రెండు పనులూ ఒకేసారి ఆగిపోతాయి.

ఏడాది పొడవునా బొంతలు కుట్టేవాళ్లకు, రెండు మిషన్లకు చోటుంటే, ఒక గట్టి తిన్నకుట్టు మిషన్, దానికి తోడు విడిగా ఒక ఎంబ్రాయిడరీ మిషన్ ఉండటమే మంచిది. ఒక పక్క ఎంబ్రాయిడరీ నడుస్తుంటే ఇంకో పక్క అతుకులు వేసుకోవచ్చు. తిన్నకుట్టు మాత్రమే వేసే మిషన్లలో నిమిషానికి 1,500 కుట్ల దాకా వేసేవి ఉన్నాయి. వాటి సూదిపలక మీద ఉండేది చిన్న గుండ్రటి రంధ్రం ఒక్కటే కాబట్టి కుట్టు తీరు కూడా బాగుంటుంది. అయితే అవి అడ్డకుట్టు (జిగ్‌జాగ్) వేయలేవు, అంటే బట్ట మీద వేరే బట్ట ముక్క పెట్టి కుట్టే అప్లిక్ అంచులకు పనికిరావు. ఈ రకంలో కొన్నింటికి ఇంటి మిషన్లలో వాడే చదును కాడ 130/705 హెచ్ సూదులు పట్టవు, వేరే రకం సూదులు కావాలి. కొనేటప్పుడే అడగండి. అప్పుడప్పుడు ఒక పేరో, ఒక పువ్వో వేసుకుని మిగతా కాలమంతా కుట్టుకునేవాళ్లకు కాంబో చాలు.

కాంబో ఎంచుకుంటే కొలవాల్సింది ఇంకొకటుంది. ఎంబ్రాయిడరీ యూనిట్ తగిలించాక మిషన్ పొడవు బాగా పెరుగుతుంది, పైగా ఫ్రేము వెనక్కీ ముందుకీ కదులుతుంది. ఫ్రేము వెనక గోడకు తగిలితే మోటారు కదలికలో ఒకటి రెండు మెట్లు తప్పిపోతాయి, ఆ క్షణం నుంచి డిజైన్ మొత్తం పక్కకు జరిగిపోతుంది. చాలామంది దీన్ని మిషన్ లోపం అనుకుంటారు. దుకాణంలో అతిపెద్ద ఫ్రేము తగిలించి, అది వెనక్కి ఎంతదూరం వెళ్తుందో టేపుతో కొలిచి, మీ బల్లకూ గోడకూ మధ్య అంత ఖాళీ ఉందో లేదో చూసుకోండి.

చేయి కింద జాగా

సూది నుంచి కుడివైపు మిషన్ ఒంటి దాకా ఉన్న ఖాళీనే త్రోట్ అంటారు. మామూలు ఇంటి మిషన్లలో ఇది 6 నుంచి 7 అంగుళాలు. క్విల్టింగ్ కోసం చేసిన ఇంటి మిషన్లలో 8 నుంచి 11 అంగుళాలు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. బొంత మధ్యలో కుట్టేటప్పుడు దాని వెడల్పులో సగం ఈ ఖాళీలోనే ఉండాలి. 60 అంగుళాల వెడల్పు బొంతైతే 30 అంగుళాల బట్ట, మూడు పొరలతో, చుట్టుకుని అక్కడ కూర్చోవాలి.

మీకెంత జాగా కావాలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మీరు కుట్టబోయే కొలతకు దగ్గరగా ఉన్న పాత బొంత తీసుకుని సగం వరకు చుట్టండి. గట్టిగా బిగించొద్దు, చేతికి ఎలా వస్తే అలా చుట్టండి. ఆ చుట్ట మందం టేపుతో కొలవండి. పల్చటి నూలు బ్యాటింగ్ ఉన్న 60 అంగుళాల బొంతకు 3 నుంచి 4 అంగుళాలు వస్తుంది. పొంగే పాలియెస్టర్ బ్యాటింగ్ అయితే ఇంకా లావు. ఆ కొలతకు 5 అంగుళాలు కలపండి. ఆ 5 అంగుళాలూ మీ రెండు చేతులూ బట్టను తిప్పడానికి కావాల్సిన చోటు. చుట్ట 4 అంగుళాలైతే త్రోట్ 9 అంగుళాలుండాలి. ఆరున్నర అంగుళాల మిషన్ మీద ఇదే బొంత కుట్టలేమని కాదు. కానీ చేతికి మిగిలేది రెండున్నర అంగుళాలే కాబట్టి చిన్న చిన్న ముడతలు, గీతలు వంకరపోవడం, మెడ నొప్పి తప్పవు.

వెడల్పుతో పాటు ఎత్తూ కొలవండి. చేయి అడుగు నుంచి పలక దాకా ఎత్తు తక్కువైతే, వెడల్పు ఎంతున్నా చుట్ట దూరదు. మిషన్ల వివరాల పట్టికల్లో కొన్నిసార్లు త్రోట్ కొలతను మిషన్ చేయి మొత్తం పొడవుగా రాస్తారు. సూది దగ్గర టేపు పెట్టి మీరే కొలవాలి.

జాగా చాలకపోయినా బొంత ఆపాల్సిన పనిలేదు. బొంతను రెండు మూడు పట్టీలుగా విడివిడిగా క్విల్ట్ చేసి, చివర్లో అతికే పద్ధతి ఉంది. ఆ పద్ధతే మీకు నచ్చితే చిన్న త్రోట్ మిషన్ కొనుక్కుని, మిగిలిన డబ్బు బట్టను నొక్కిపట్టే మంచి పాదాల మీద, ఫ్రేముల మీద పెట్టవచ్చు.

జాగా ఎంతున్నా బల్ల సరిగా లేకపోతే లాభం లేదు. మిషన్ పలకా బల్లా ఒకే మట్టంలో ఉండాలి. బొంత అంచు బల్ల మీంచి కిందికి వేలాడితే ఆ బరువు సూదిని పక్కకు లాగుతుంది. సూదులు విరగడానికీ కుట్టు పొడవు మారిపోవడానికీ పెద్ద కారణం ఇదే. మిషన్‌తో పాటు ఎక్స్‌టెన్షన్ టేబుల్ వస్తుందో లేదో అడగండి, వస్తే అది మిషన్ ఎడమవైపూ ముందువైపూ కనీసం ఒక అడుగు చొప్పున ఉందేమో చూడండి.

పావు అంగుళం

బొంత అతుకులన్నీ 1/4 అంగుళం, అంటే 6.35 మి.మీ., అంచు వదిలి కుట్టేవే. ఈ కొలతలో మిషన్ పట్టు ఎంతో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఒకటిన్నర అంగుళం వెడల్పు నూలు పట్టీలు మూడు కత్తిరించి, పక్కపక్కన అతికి, ఇస్త్రీ చేసి కొలవండి. మొత్తం వెడల్పు సరిగ్గా 3.5 అంగుళాలు రావాలి, మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం. తక్కువొస్తే అంచు ఎక్కువ తింటున్నట్టు. ఒక్కో అతుకు దగ్గర 1 మి.మీ. ఎక్కువ తిన్నా రెండు వైపులా కలిపి 2 మి.మీ. పోతుంది. ఎనిమిది ముక్కల వరసలో ఏడు అతుకులుంటాయి కాబట్టి వరస 14 మి.మీ. కురచవుతుంది, అంటే అర అంగుళానికి పైగా. పక్క వరసతో మూలలు కలవకపోవడానికి ఇంకే కారణమూ వెతకక్కర్లేదు. బట్ట మడత తిరిగినచోట ఒక పోగంత మందం పోతుంది, అందుకని కుట్టేది పావు అంగుళానికి ఒక పోగు తక్కువే ఉండాలి. సూదిని సన్నని మెట్లలో కుడికీ ఎడమకీ జరుపుకునే వీలుంటేనే ఈ ఒక్క పోగు సర్దుబాటు కుదురుతుంది.

అడ్డకుట్టు 9 మి.మీ. వెడల్పు వస్తుందని గొప్పగా చెబితే వెంటనే సూదిపలక చూడండి. అడ్డకుట్టు అంత వెడల్పు పడాలంటే రంధ్రమూ అంత వెడల్పు ఉండాలి. త్రికోణపు ముక్క మొనను అందులో పెట్టి కుట్టు మొదలుపెడితే సూది ఆ మొనను కిందికి తోసి బాబిన్ గదిలోకి మింగించేస్తుంది. కిందనుంచి బట్టను లాగే ఫీడ్ పళ్లు కూడా దూరదూరంగా ఉంటాయి కాబట్టి పావు అంగుళం అంచు కుడివైపు పళ్ల మీద సరిగా కూర్చోదు, బట్ట ఒక పక్కకు వాలుతుంది. దీనికి విరుగుడు చిన్న గుండ్రటి రంధ్రం ఒక్కటే ఉన్న తిన్నకుట్టు పలక. అది మిషన్‌తో వస్తుందా, విడిగా కొనాలా అని అడగండి. ఆ పలక వేసి ఉన్నట్టు మిషన్ గుర్తుపట్టి అడ్డకుట్టును ఆపేస్తుందా అన్నది ఇంకా ముఖ్యం. ఆపకపోతే పొరపాటున అడ్డకుట్టు నొక్కిన రోజు సూది పలకకు కొట్టుకుని విరిగి ముఖం మీదికి ఎగురుతుంది.

అతుకులకు కుట్టు పొడవు 2 మి.మీ., క్విల్టింగ్‌కు 2.5 నుంచి 3 మి.మీ. సరిపోతుంది. ఏ మిషన్ అయినా ఇది ఇస్తుంది, దీని గురించి ఆలోచించనక్కర్లేదు.

పొరలు జరగకుండా లాగడం

కింద పళ్లు అస్తరును ముందుకు లాగుతుంటే, పైన పాదం పై పొరను వెనక్కి నెడుతుంది. రెండు పొరల మీద ఇది కనపడదు. మూడు పొరల మీద రెండడుగులు కుట్టేసరికి చివర్లో పై పొర పొంగి మడత పడుతుంది. దీన్ని ఆపేందుకు రెండు మార్గాలున్నాయి. విడిగా తగిలించే వాకింగ్ ఫుట్ ఒకటి. పైనుంచి కూడా పళ్లతో లాగుతుంది. మిషన్‌లోనే అమర్చిన డ్యూయల్ ఫీడ్ రెండోది. పాదం వెనకనుంచి చిన్న చేయి వచ్చి పై బట్టను లాగుతుంది. అమర్చిన డ్యూయల్ ఫీడ్ వాడకానికి హాయిగా ఉంటుంది, పాదం మార్చకుండా పని జరిగిపోతుంది. మందపాటి బ్యాటింగ్ మీద మాత్రం కొన్ని మిషన్లలో పాత పద్ధతి వాకింగ్ ఫుట్టే మెరుగ్గా లాగుతుంది. పేరు చూసి నమ్మొద్దు, మీ బట్ట మీద కుట్టి చూడండి.

వాకింగ్ ఫుట్ తగిలించేటప్పుడు దాని కుడి పక్కనున్న చిన్న కొమ్మ సూది బిగించే స్క్రూ మీద కూర్చోవాలి. కొన్ని ఫుట్‌లలో ఆ కొమ్మ చివర చీలిక ఉంటుంది, ఆ చీలికలో స్క్రూ ఇమడాలి. చేతిచక్రం మెల్లగా తిప్పితే సూది లేచినప్పుడల్లా ఆ కొమ్మ పైకి లేవాలి, దాంతో పాటు పాదం అడుగున పళ్లు కూడా లేచి దిగాలి. కొమ్మ స్క్రూ పక్కకు జారి ఉంటే పాదం బిగిసినట్టే కనపడుతుంది, కుట్టూ పడుతుంది, కానీ పై పళ్లు నడవవు. వాకింగ్ ఫుట్ పనికిరాదని తీసి పక్కనపెట్టేసినవాళ్లు ఒకసారి ఈ కొమ్మ చూడండి. దీంతో మధ్య వేగంలోనే కుట్టాలి, వెనక్కి కుట్టకూడదు.

పాదం ఒత్తిడి తగ్గించుకునే మీట లేని మిషన్ బొంతకు తీసుకోవద్దు. ఒత్తిడి ఎక్కువైతే మందపాటి పొరలు ముందుకు తోసుకుని పోతాయి, ఎంత మంచి వాకింగ్ ఫుట్టూ దాన్ని ఆపలేదు.

పూలూ తీగలూ లాంటి వంకర గీతలకు పళ్లు కిందికి దించి, బట్టను చేతులతోనే నడిపిస్తారు. ఫ్రీ మోషన్ అంటే ఇదే. ఇక్కడ కుట్టు పొడవును నిర్ణయించేది మిషన్ కాదు, చేతి వేగం. పళ్లు నిజంగా కిందికి దిగుతాయా, లేక ప్లాస్టిక్ మూత పెట్టి కప్పేస్తారా అడగండి; మూత పెడితే పలక మీద ఎత్తు పెరిగి బట్ట అక్కడ తగులుకుంటుంది. వేగానికి గరిష్ఠ హద్దు పెట్టే జారుడు మీట ఉండాలి. ఆపినప్పుడు సూది బట్టలోనే దిగి నిలబడాలి. చేతులు తీయకుండా పాదం ఎత్తుకోవడానికి మోకాలి మీట ఉంటే పని సగం తేలిక. కొన్ని ఖరీదైన మిషన్లకు బట్ట కదలికను చూసి కుట్టు పొడవును సమానంగా ఉంచే స్టిచ్ రెగ్యులేటర్ వస్తుంది. చేయి ఇంకా కుదరనివాళ్లకు అది నిజంగా సాయం చేస్తుంది. చేయి కుదిరినవాళ్లకు అంత అవసరం ఉండదు.

వంపుల దగ్గర వెనకవైపు కనురెప్పల వెంట్రుకల్లా దారాలు వరసగా కనపడితే, చేయి మిషన్ కన్నా వేగంగా తిరుగుతోందన్నమాట. సూది వంగి పై దారాన్ని వెనక్కి ఈడ్చుకుపోతుంది. చేయి వేగం తగ్గించి, సూది 80/12 నుంచి ఇంకా లావైన 90/14కు మార్చి, పై టెన్షన్ (దారం బిగువు) ఒక మెట్టు పెంచితే చాలావరకు పోతుంది. మూడూ చేశాక కూడా పోకపోతే మిషన్ మీద అనుమానపడాలి.

స్కేలు ఆనించి గీతలు కుట్టాలనుకుంటే దానికి వేరే రూలర్ ఫుట్ కావాలి, అది మీ మిషన్‌కు దొరుకుతుందో లేదో ముందే తెలుసుకోండి. పొడవు షాంక్ (పాదం తగిలించే కాడ) ఉన్న మిషన్లకు పావు అంగుళం మందం స్కేలు, పొట్టి షాంక్ వాటికి పల్చటిది. మామూలు ఫ్రీ మోషన్ పాదంతో స్కేలు వాడకూడదు. పాదం స్కేలు మీదికెక్కిందంటే సూది స్కేలు మీదే దిగుతుంది.

ఎంబ్రాయిడరీ ఫ్రేము

బొంతలో ఎంబ్రాయిడరీ రెండు రకాలుగా వస్తుంది. బ్లాక్ మీద బొమ్మ కుట్టి తర్వాత అతకడం ఒకటి. మూడు పొరలూ కలిపి ఫ్రేములో బిగించి మిషన్ చేతనే క్విల్టింగ్ చేయించడం రెండోది. మొదటిదానికి బ్లాక్ కొలత పట్టే ఫ్రేము చాలు: 8 అంగుళాల బ్లాక్ నిండా బొమ్మ కావాలంటే 8×8 అంగుళాల కుట్టు జాగా ఉండాలి. బ్లాక్‌ను నాలుగు వైపులా అంగుళం చొప్పున పెద్దగా కత్తిరించి, ఎంబ్రాయిడరీ అయ్యాక సరైన కొలతకు తెగ్గోయండి. కుట్టు పడ్డాక బట్ట కొద్దిగా లోపలికి లాగుకుంటుంది.

రెండోదానికి లెక్క వేయాల్సిందే. 60×80 అంగుళాల బొంత అంతా అంచు నుంచి అంచు దాకా డిజైన్‌తో నింపాలనుకుందాం. 4×4 ఫ్రేముతో 300 సార్లు బిగించాలి. 5×7తో 144 సార్లు, 6×10తో 80 సార్లు, 8×12తో 50 సార్లు. బిగించి, గుర్తులు కలిపి, సూది స్థానం చూసుకోవడానికే ఒక్కోసారికి 4 నిమిషాలు వేసుకున్నా, 4×4కు 20 గంటలు, 8×12కు 3 గంటల 20 నిమిషాలు. ఇది కుట్టు సమయం కాదు, ఒట్టి బిగింపు సమయం. ప్రతి కలయిక దగ్గరా 1 మి.మీ. తేడా వస్తే 4×4 ఫ్రేము వరసలో పదిహేనో గడికి వచ్చేసరికి దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు పక్కకు పోతుంది. అందుకే 4×4 ఫ్రేము మాత్రమే పట్టే మిషన్‌ను పేర్లు, చిన్న బొమ్మల కోసం కొనండి. పెద్ద బొంత క్విల్టింగ్ కోసం మాత్రం వద్దు. ఆ పనికి 6×10 నుంచి మొదలుపెట్టాలి.

ఇక్కడ ఎక్కువమంది మోసపోయేచోటు ఒకటుంది. కొన్ని మిషన్లకు 5×12 అంగుళాల పొడుగు ఫ్రేము వస్తుంది. కానీ అందులో ఒకేసారి కుట్టు పడేది 5×7 జాగాలోనే. ఫ్రేమును ఇంకో మెట్టుకు జరిపి తగిలించి, మిగతా ముక్క కుట్టాలి. డిజైన్‌ను కూడా ముక్కలుగా విడగొట్టి ఉంచుకోవాలి. కాబట్టి ఫ్రేము బయటి కొలత అడగొద్దు, ఒక్కసారి తగిలిస్తే నిజంగా కుట్టు పడే జాగా ఎంత అని అడగండి.

ఫ్రేము కుడివైపు చివరికి వెళ్లినప్పుడు దానికీ మిషన్ ఒంటికీ మధ్య మిగిలే సందులోనే బొంత మడత ఇమడాలి. అక్కడ గట్టి చుట్ట పెడితే ఫ్రేము దానికి కొట్టుకుని డిజైన్ జరుగుతుంది. చుట్టడం మానేసి వదులుగా కుప్పగా ఉంచాలి. సగం అయ్యాక బొంతను తలకిందులుగా తిప్పి, డిజైన్‌ను 180 డిగ్రీలు తిప్పుకుంటే మందపాటి భాగం ఎప్పుడూ ఎడమవైపే ఉంటుంది. దీనికోసం, బిగింపు కొంచెం వంకరపోయినప్పుడు సరిచేసుకోవడానికీ, డిజైన్‌ను 1 డిగ్రీ చొప్పున తిప్పే వీలున్న మిషన్ కావాలి. 90 డిగ్రీల చొప్పునే తిరిగేదాంతో గుర్తులు కలపడం నరకం. రెండు బిందువులు చూపిస్తే తనే డిజైన్‌ను సర్దుకునేది, సూది దగ్గర కెమెరా లేదా ప్రొజెక్టర్ ఉన్నది అయితే ఆ 4 నిమిషాలు బాగా తగ్గుతాయి. ఖరీదైన సదుపాయాల్లో బొంతకు డబ్బు పెట్టదగ్గది ఇదే.

స్క్రూతో బిగించే మామూలు ఫ్రేములో మూడు పొరలు పట్టించడం కష్టం. లోపలి రింగు ఎగిరిపోతుంది, బ్యాటింగ్ మీద అచ్చు మిగులుతుంది. అయస్కాంతపు ఫ్రేము ఉంటే పైనుంచి పట్టీలు ఆనిస్తే సరిపోతుంది. మీరు చూస్తున్న మోడల్‌కు అది దొరుకుతుందా అని తప్పక అడగండి. ఆ అయస్కాంతాలు వేలిని నలిపేసేంత బలంగా ఉంటాయి, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాటికి దూరంగా ఉండాలి.

డిజైన్ ఎంపిక కూడా మిషన్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. మూడు పొరల మీద గీతలా నడిచే తేలికపాటి కుట్టు డిజైన్లే వేయాలి. నిండుగా నింపిన పువ్వు వేస్తే అక్కడ బొంత అట్టలా బిగుసుకుంటుంది, చుట్టూ ముడతలు పడతాయి. అలాంటివి పై పొర బ్లాక్ మీదే, బట్ట ముడుచుకోకుండా ఆపే స్టెబిలైజర్ కింద వేసి ముందే కుట్టేయాలి. వెనక కూడా కనపడే క్విల్టింగ్‌లో బాబిన్‌లోనూ పై దారం రంగే వాడండి. ఎంబ్రాయిడరీకి మామూలుగా వాడే సన్నని తెల్ల బాబిన్ దారం అస్తరు మీద తేలిపోతుంది.

డిజైన్ ఫైళ్లు కంపెనీని బట్టి మారతాయి. బ్రదర్, బేబీ లాక్ మిషన్లకు పీఈఎస్, జనోమికి జేఈఎఫ్, హుస్క్‌వర్నా వైకింగ్, ఫాఫ్ మిషన్లకు వీపీ3, బెర్నినాకు ఈఎక్స్‌పీ. డిజైన్లు అమ్మేవాళ్లు వీటన్నింటినీ ఇస్తారు కాబట్టి ఇది చూసి మిషన్ నిర్ణయించనక్కర్లేదు. యూఎస్‌బీ పెన్ డ్రైవ్ పెట్టే చోటు మాత్రం ఉండాలి.

బాబిన్

పైనుంచి వేసే బాబిన్‌కు పారదర్శకమైన మూత ఉంటుంది, దారం ఎంత మిగిలిందో కనపడుతుంది. ముందునుంచి వేసేదాంట్లో అది కనపడదు, పైగా బల్ల మట్టంలో దించిన మిషన్‌లో తలుపు తీయాలంటే బొంతను పక్కకు ఎత్తాలి. అయితే టెన్షన్ సర్దుకోవడం, నూలు ధూళి తుడవడం దాంట్లో తేలిక. ఏదైనా సరే, ఫ్రేము తీయకుండా బాబిన్ మార్చగలమా అన్నది కుట్టి చూడండి. ఫ్రేము విప్పాల్సి వస్తే ప్రతి బాబిన్ మార్పూ డిజైన్ జరిగిపోవడానికి ఒక అవకాశమే. బాబిన్ అయిపోవస్తోందని ముందే చెప్పే హెచ్చరిక ఉంటే మంచిది. డిజైన్‌లో 1, 10, 100 కుట్లు వెనక్కి వెళ్లే మీటలు తప్పనిసరిగా ఉండాలి. ఖాళీ బాబిన్‌తో కుట్టేసిన భాగాన్ని మళ్లీ కుట్టించాలంటే అదొక్కటే దారి.

దుకాణానికి తీసుకెళ్లాల్సినవి, చేసి చూడాల్సినవి

దుకాణంలో చూపించే నమూనా బట్ట గట్టిగా, గంజి పెట్టినట్టు ఉంటుంది. దాని మీద ఏ మిషన్ అయినా అందంగా కుడుతుంది. మీ బట్ట మీరే తీసుకెళ్లండి: 12×12 అంగుళాల మూడు పొరల ముక్కలు మూడు, ఒకటిన్నర అంగుళం పట్టీలు ఆరు, 20 అంగుళాల పొడవు మూడు పొరల పట్టీ ఒకటి, నాలుగు అతుకులు ఒకచోట కలిసే బ్లాక్ ఒకటి. మీరు వాడే 50 నంబరు నూలు దారం, 40 నంబరు ఎంబ్రాయిడరీ దారం, కొత్త 80/12, 90/14 సూదులు, ఎంబ్రాయిడరీకి 75/11 సూది, ఒక టేపు. దారం నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని గుర్తుంచుకోండి.

మొదట మూడు పట్టీల పరీక్ష. తర్వాత బ్లాక్‌ను మడిచి, అతుకుల కూడలి మీద ఎనిమిది పొరలు వచ్చేలా చేసి, అతి నెమ్మదిగా కుట్టండి. నెమ్మదిగా వెళ్లినప్పుడు సూది ఆగిపోయి, పెడల్ గట్టిగా నొక్కితే ఒక్కసారి దూకితే మోటారులో బలం చాలనట్టే. ఆ దూకుడు బొంతలో ప్రతి కూడలి దగ్గరా పొడుగు కుట్టుగా కనపడుతుంది.

20 అంగుళాల పట్టీ పై అంచూ కింది అంచూ సమానంగా పెట్టి, పిన్నులు పెట్టకుండా, వాకింగ్ ఫుట్ లేదా డ్యూయల్ ఫీడ్‌తో ఒక చివర నుంచి ఇంకో చివరకు కుట్టండి. చివర్లో పై పొర కింది పొరను దాటి 2 మి.మీ. కన్నా ఎక్కువ బయటికి వస్తే పాదం ఒత్తిడి తగ్గించి మళ్లీ చూడండి. అప్పటికీ అలాగే ఉంటే ఆ మిషన్ వదిలేయండి.

ఫ్రీ మోషన్‌లో ఎనిమిది అంకె, సున్నాలు, గుండ్రటి రాళ్ల గీతలు రెండు నిమిషాలు కుట్టి, వెనక్కి తిప్పి చూడండి. కొత్త మిషన్ కాబట్టి గీత వంకరపోతుంది, దాన్ని పట్టించుకోవద్దు. వెనకవైపు దారం గూడు కట్టిందా, కుట్టు తప్పిందా అన్నది మాత్రమే చూడండి.

ఎంబ్రాయిడరీలో మూడు పొరల ముక్క బిగించి ఒక పెద్ద వృత్తం, దాని చుట్టూ ఒక చదరం, ఒక్క గీతగా కుట్టించండి. వృత్తం మొదలైనచోటే కలవాలి. ఒక మిల్లీమీటరు ఎడం ఉంటే బిగింపు వదులైనా అయ్యుండాలి, ఫ్రేము పట్టు ఆడుతున్నా అయ్యుండాలి. మళ్లీ బిగించి కుట్టించండి. రెండోసారీ అలాగే వస్తే తప్పు మిషన్‌దే. సగంలో మిషన్ స్విచ్ ఆపేసి మళ్లీ వేయండి. ఆగినచోటు నుంచే కొనసాగించాలి. కరెంటు పోయినప్పుడు బ్లాక్ పాడవకుండా కాపాడేది ఈ ఒక్క లక్షణమే.

వాడిన మిషన్ కొనేటప్పుడు

చాలా కంప్యూటర్ మిషన్ల సెట్టింగుల్లో మొత్తం కుట్ల లెక్క ఉంటుంది, ఉంటే చూపించమని అడగండి. బాబిన్ కేస్ తీసి, పై దారాన్ని పట్టుకునే షటిల్ మొన చుట్టూ చిన్న దూది పింజ రుద్దండి. దూది ఎక్కడైనా తగులుకుని పోగు లేస్తే అక్కడ సూది కొట్టుకుని గరుకుదేరింది. దారం పదేపదే తెగేది అక్కడే. సూదిపలక రంధ్రం అంచును గోటితో తడిమినా అదే తెలుస్తుంది. ప్లాస్టిక్ బాబిన్ కేస్ మీద సూది గుచ్చిన గుంటలుంటే కేస్ మార్చాలి. అది పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది. ఎంబ్రాయిడరీ యూనిట్ తగిలించి స్విచ్ వేసినప్పుడు చేయి రెండు దిక్కులా నున్నగా కదిలి మధ్యకు రావాలి. కొరికినట్టు చప్పుడొస్తే లోపల బెల్టో గేరో అరిగింది. ఫ్రేములన్నీ ఉన్నాయా, ఆ మోడల్‌కు విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయా, సాఫ్ట్‌వేర్ లైసెన్సు మీ పేరుకు మారుతుందా అడగండి. వేరే దేశం నుంచి వచ్చినదైతే వెనక చీటీ మీద వోల్టేజీ చదవండి: 110–120 అని ఉన్న మిషన్‌ను 220–240 ప్లగ్గులో పెడితే బోర్డు కాలిపోతుంది.

తెచ్చాక మొదటి పది రోజులు

వాపసు గడువు ముగిసేలోగా 36×36 అంగుళాల చిన్న బొంత ఒకటి పూర్తిగా కుట్టండి: అతుకులు, వాకింగ్ ఫుట్‌తో తిన్నగీతలు, ఒక మూల ఫ్రీ మోషన్, ఇంకో మూల ఫ్రేములో క్విల్టింగ్. మిషన్ ప్రతి సదుపాయమూ ఒకసారైనా వాడినట్టవుతుంది. నూలు బ్యాటింగ్ ధూళి బాగా రాలుస్తుంది. రెండు మూడు బాబిన్లకొకసారి పలక తీసి కుంచెతో తుడవండి. గాలి ఊదే డబ్బా వాడితే ధూళి ఇంకా లోపలికి పోతుంది. ఎనిమిది గంటల కుట్టుకు సూది మార్చండి. నూనె విషయంలో మాన్యువల్ చెప్పిందే చేయండి: కొన్నింటికి షటిల్ దగ్గర ఒక చుక్క తరచూ కావాలి, కొన్నింటికి బయటినుంచి నూనె వేయకూడదు. కుట్టు తప్పినా, దారం గూడు కట్టినా, ముందు పాదం ఎత్తి పై దారం మొత్తం తీసి మళ్లీ వేయండి. పాదం దించి ఉన్నప్పుడు దారం వేస్తే అది టెన్షన్ పళ్లేల మధ్యకు వెళ్లదు. అది సరిచేశాక కొత్త సూది వేసి చూడండి. రెండూ చేశాక కూడా అదే ముడి అదే చోట పడుతుంటే, ఆ కుట్టిన ముక్కను వెనకవైపు కనపడేలా పట్టుకుని అమ్మినవాళ్ల దగ్గరకు వెళ్లండి.